అడగకుండా తెంపిన పిందెలు

నా చిన్నప్పుడు మా మేనత్త నన్ను ఒక్క మాటైనా అడగకుండా నా చీనీ చెట్టు, అంటే బత్తాయి చెట్టు, పిందెలు సగానికి సగం తెంపి దిబ్బలో పోసింది. నా నీళ్ల బిందె కూడా లాక్కుంది. అది తప్పు. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఆ చెట్టు నాది. తోటలో మిగిలిన అంటుమొక్కను మా నాయన నా పేరు చెప్పి నాటాడు. తొలికాపుకే కొమ్మలు నేలకు వంగాయి. ఆ మురిపెంతో రెండు పూటలా నీళ్లు మోసి మొదలంతా బురద చేశాను. ఓ రోజు బడి నుంచి వచ్చేసరికి చెట్టు సగం బోడి. ఆ కాపు దిగేదాకా మేనత్తతో మాట్లాడలేదు, ఆమె వడ్డిస్తే కంచం ముందు నుంచి లేచిపోయాను. మిగిలిన కాయలు నా గుప్పిట్లో పట్టనంత ఊరాయి, ఒక్క కొమ్మా విరగలేదు. కాయలు తిన్నాను గానీ కోపం పోలేదు. నన్నెందుకు అడగలేదని తర్వాత ఎప్పుడు నిలదీసినా, పెద్దోళ్ల పనులు నీకెందుకని దాటేసేది.

ఇప్పుడు ఐర్లండ్‌లో, ఆడమ్స్‌టౌన్‌లో కూతురింట్లో ఉంటున్నాను. అల్లుడు క్లాండాల్కిన్‌లో మందుల ఫ్యాక్టరీ ఇంజనీరు. పెరట్లో గాజు షెడ్డు వేసి ఆలివ్ చెట్టు పెంచాడు. సొంత నూనె తీసి నలుగురికీ చూపాలని ఆయన పంతం. నిరుడు అది విరగకాసింది. ఆయన టైమరు పెట్టి పగలంతా నీళ్లు వదిలాడు.

చెట్ల సంగతి నాకు నేర్పిన పంతులు లేడు. దొరికిందల్లా నేనే చదువుకున్నాను, ఆలివ్ సంగతీ అలాగే. కాపు మితిమీరితే కాయ చిన్నబోతుంది, నూనె పట్టదు, మరుసటి ఏడు చెట్టు పూయడానికి మొరాయిస్తుంది. నీళ్లు చాలకపోతే కాయ ముడుచుకుంటుంది, మరీ ఎక్కువైతే నూనెకు బదులు నీళ్లే నింపుకుంటుంది. సగం పిందెలు తీయనిమ్మని అల్లుణ్ణి మర్యాదగా అడిగాను. అడగకుండా తెంపితే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా.

“చెట్టు గ్రాండ్‌గా ఉంది మామా. మీ చీనీతోట లెక్కలు దీనికొద్దు,” అన్నాడు, ఫోన్ మీంచి తలెత్తకుండా.

నేను ముట్టుకోలేదు. కాయలు బఠాణీగింజలంత దగ్గరే ఆగిపోయాయి. అల్లుడు వాటిని మిక్సీలో నూరి గుడ్డలో పిండితే చేదునీళ్లు కారాయి, పైన తేలిన నూనె వేలికి రాసుకోవడానికి కూడా చాలలేదు. ఈ ఏడు ఒక్క పువ్వు లేదు. తప్పంతా ఐర్లండ్ చలిదేనట. చెట్టు పీకేసి టమాటాలు వేస్తాడట.

ఆ మంట మీదే మేనత్తకు ఫోన్ చేశాను. తొంభై దాటినా మాట పదును తగ్గలేదు. అల్లుణ్ణి తిట్టాల్సినంతా తిట్టి, నా పాత ప్రశ్నే మళ్లీ వేశాను. నన్ను ఎందుకు అడగలేదు? ఈసారి దాటేయలేదు. ఆమె చెప్పిన జవాబు, అల్లుడి ఆలివ్ చెట్టు మీద చెయ్యి వేయబోయినప్పుడల్లా నన్ను పట్టి ఆపుతోంది.

“అడిగింటే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దన్నాక తెంపేదానికి నాకు చేతులు రావు కదరా.”