గీయని త్రిభుజాల సంగతి

2023 చివర్లో, పత్తి తీతలు జోరుగా సాగుతున్న రోజుల్లో జరిగింది ఇది. గుంటూరులోని ఒక బీఈడీ కాలేజీలో నేను లెక్కల బోధనా పద్ధతులు చెప్తాను. అంటే లెక్కలు చెప్పను, లెక్కలు ఎలా చెప్పాలో చెప్తాను. మావారి దృష్టిలో ఇది పొయ్యి వెలిగించకుండా వంట నేర్పే ఉద్యోగం. ఆ మాటలో కొంత నిజం ఉంది కాబట్టే ఇంటర్న్‌షిప్ వచ్చిందంటే నాకు హుషారు పుడుతుంది. ఇంటర్న్‌షిప్ అంటే మా విద్యార్థులు కొన్ని నెలల పాటు ఏదో ఒక బడిలో నిజం టీచర్లలాగే పాఠాలు చెప్పడం. నేను వెళ్లి వెనక బెంచీలో కూర్చుని చూసి, తర్వాత తప్పొప్పులు మాట్లాడతాను.

ఆ ఏడు నా విద్యార్థుల్లో షేక్ నజ్మా అనే అమ్మాయి ఉండేది. మార్టూరు పిల్ల, ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివింది. వాళ్ల నాన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. ఎమ్మెస్సీ అయ్యాక ఒక ఏడాది కార్పొరేట్ జూనియర్ కాలేజీలో చెప్పింది. అక్కడ వాళ్లు వదల్లేక వదిలిన మనిషి. మా దగ్గరికి రావడానికి కారణం ఒక స్కాలర్‌షిప్. సైన్సు, లెక్కలు చదివిన పిల్లలంతా కోచింగ్ సెంటర్లకీ కంపెనీలకీ వెళ్లిపోతుంటే పల్లెబడులకి టీచర్లు ఎక్కణ్ణుంచి వస్తారని గుంటూరు మిర్చి వ్యాపారులు కొందరు కలిసి ఒక ట్రస్టు పెట్టారు. బీఈడీ ఫీజూ, హాస్టలు ఖర్చూ వాళ్లే భరిస్తారు. చదువయ్యాక కొన్నేళ్లు పల్లెటూరి బడిలో పనిచేయాలన్నది షరతు. ఇంకో షరతు కూడా ఉంది. ఇంటర్న్‌షిప్ నడుమ ఒక రోజు ట్రస్టు మనిషి వచ్చి క్లాసు చూస్తాడు. ఆయన సరేనంటేనే మిగిలిన కోర్సుకి డబ్బు వస్తుంది. దీన్ని వాళ్లు రివ్యూ అంటారు.

రివ్యూలో తప్పితే నజ్మా చదువు అక్కడితో ఆగుతుంది. ఆ సంగతి ఆ అమ్మాయే నాతో అంది. "మిగతా ఫీజు మావల్ల కాదు మేడమ్. మా పాత కాలేజీవాళ్లు ఎప్పుడొచ్చినా తీసుకుంటామంటున్నారు. కానీ నాకు అక్కడికి పోవాలని లేదు."

నజ్మాకి ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్లో హైస్కూలు పడింది. తొమ్మిదో తరగతి. మొదటి రెండు వారాలు ఆ క్లాసు రోడ్డు మీదికి వినిపించేది. మా ప్రాంతంలో పాఠం చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. టీచరు వాక్యం సగం చెప్పి, చివరి మాటని సాగదీసి వదిలేస్తాడు. పిల్లలందరూ ఒక్క గొంతుతో దాన్ని పూర్తి చేస్తారు. దీన్ని కోరస్ అంటాం. "త్రిభుజంలో మూడు కోణాల మొత్తం నూటా..." అనగానే "ఎనభై" అని పైకప్పు అదిరేలా వస్తుంది. కార్పొరేట్ కాలేజీలో నజ్మా నేర్చుకున్నదీ, రాణించిందీ ఇందులోనే. హెడ్మాస్టరుగారు నాకు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు.

మూడో వారంలో నజ్మా ఫోన్ చేసింది. గొంతులో ఏదో తేడా. "మేడమ్, పిల్లలు నన్ను మోసం చేస్తున్నారో నేను పిల్లల్ని మోసం చేస్తున్నానో అర్థం కావట్లేదు."

జరిగింది ఇది. తలా ఒక త్రిభుజం గీసి కోణాలు కొలవమందట. సగం మందికి కోణమాని ఎటు పట్టుకోవాలో తెలియలేదు. తెలిసిన సగం మంది కొలవకుండానే మూడు అంకెలు వేసి, కింద నూట ఎనభై అని రాసేశారు. ఒకడైతే కోణాలేవీ రాయకుండా మొత్తం ఒక్కటే రాశాడట. అంతా గుంపులో గోవిందా. వెనక వరసలో పత్తి తీతలకి వెళ్లి వచ్చే పిల్లలు కూడా పెదాలు కదిపి కోరస్‌లో కలిసిపోతున్నారు.

ఆ మర్నాటి నుంచి నజ్మా కోరస్ మానేసింది. ఎవరూ కలిసి జవాబు చెప్పకూడదు. ముందు గీయాలి, కొలవాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. తెలియకపోతే తెలియదని చెప్పాలి, ఊరికే తెలియదంటే చాలదు, ఎక్కడిదాకా తెలిసిందో ఎక్కణ్ణుంచి తెలియలేదో చెప్పాలి. ఇదీ కొత్త పద్ధతి. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నేను సెమిస్టరంతా గొంతు చించుకున్నా ఎక్కని ముక్క ఆ అమ్మాయికి తనంతట తనకే తట్టింది.

హెడ్మాస్టరుగారికి మాత్రం సంతోషం వేయలేదు. నేను బడికి వెళ్లేసరికి వరండాలోనే పట్టుకున్నారు. "ఏంటి మేడమ్ ఇది. మీ అమ్మాయి క్లాసులో చప్పుడే లేదు. పిల్లలు పాఠం వింటున్నారా, సంతాపం పాటిస్తున్నారా? రేపు ట్రస్టు వాళ్లొస్తే ఏమనుకుంటారు?"

ఆయన చెడ్డవాడు కాడు. నజ్మా స్కాలర్‌షిప్ పోతుందేమోనని నిజంగానే కంగారుపడ్డారు. "ఆ ఒక్కరోజుకీ పాత పద్ధతిలో చెప్పమ్మా. వాళ్లు పోయాక నీ ఇష్టం" అని నజ్మాని పిలిచి బతిమాలారు కూడా.

నజ్మా, "ఒక్కరోజు కోసం మళ్లీ అరవమంటే, పిల్లలు రేపట్నుంచి నా మాట ఎందుకు నమ్ముతారు సార్" అంది. ఆయన నా వంక చూశారు. నేను క్లాసు ఆ అమ్మాయిదేనన్నాను.

రివ్యూకి సుబ్బారావుగారు వచ్చారు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, మాట సూటిగా ఉంటుంది. తలుపు దగ్గర నిలబడి ఒక నిమిషం చూశారు. లోపల నజ్మా బోర్డు పక్కన నిలబడి, "మీరు గీసినవాటన్నిటికీ నూట ఎనభై దగ్గర్లో వచ్చింది. మరైతే పాఠం అయిపోయినట్టేనా?" అని అడిగి ఊరుకుంది. పిల్లలూ ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దం నాకే భయం వేసేంత సేపు సాగింది. హెడ్మాస్టరుగారు చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"ఏంటండీ, ఎవరూ మాట్లాడరు?" అంటూ సుబ్బారావుగారు సరాసరి వెనక వరసకి నడిచారు. ఆ వారమే పత్తి తీతల నుంచి తిరిగొచ్చిన అంజలి అనే పిల్ల దగ్గర ఆగారు. ఆ పిల్ల వేళ్ల చివర్లు పత్తికాయల మొనలు గీరుకుని ఎర్రగా ఉన్నాయి.

"ఏమ్మా, త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే ఎంత?"

"నేను గీసిన నాలుగిటికీ నూట ఎనభై దగ్గరగా వచ్చిందండి."

"అంటే నూట ఎనభైయేగా?"

"ఏమోనండి. గీయనివాటి సంగతి నాకు తెలవదు."

"అదేంటమ్మా. పుస్తకంలో లేదా?"

"ఉందండి. కానీ అన్నీ గీసి చూట్టం కుదరదు గదండి. గీయకుండా ఎట్టా చెప్పాలో అక్కణ్ణుంచి నాకు రాలా."

హెడ్మాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. సుబ్బారావుగారు నన్ను బయటికి రమ్మని సైగ చేశారు.

వరండాలో ఆయన గొంతు తగ్గించి, "మేడమ్, పిల్ల తెలవదు అంది. అంటే మనమ్మాయి చెప్పలేదనేగా?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. కానీ చెక్కు మీద సంతకం ఆయనది. "సుబ్బారావుగారూ, ఆ పిల్ల అడిగిన ప్రశ్న దగ్గరే జామెట్రీ మొదలవుతుందండి. చూసినవాటి గురించి చెప్పడం కొలత. చూడనివాటి గురించి కూడా ఖాయంగా చెప్పగలగడం నిరూపణ. ఈ తేడా తెలియకుండా డిగ్రీలు పట్టుకుని మా కాలేజీకి వచ్చేవాళ్లున్నారు" అన్నాను.

ఆయన చేతిలో ఒక ఫోన్ మోగితే కట్ చేశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "నేను వ్యాపారంలోకొచ్చిన కొత్తల్లో నాలుగు టిక్కీలు కోయించి చూసి, లాటు మొత్తానికి రేటు కట్టానండి. పైన మేలురకం కాయ. కింద టిక్కీల్లో అంతా తాలు." టిక్కీ అంటే మిరపకాయల బస్తా, తాలు అంటే రంగు పోయిన కాయ. "చూడని టిక్కీల సంగతి ఏ వ్యాపారికీ తెలవదు. మీ లెక్కల్లో తెలుస్తదంటారా, చూడకుండానే?"

"తెలుస్తుందండి. అది లెక్కల్లోనే తెలుస్తుంది."

"అయితే చెప్పించండి. కూచుని ఇంటా."

లోపలికి వెళ్లి అంజలి పక్కనే, ఆ చిన్న బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. నజ్మా ఆయన్ని పట్టించుకోలేదు. బోర్డు మీద ఒక త్రిభుజం గీసింది. పై మూల గుండా, కింది భుజానికి సమాంతరంగా ఒక గీత గీసింది. కింది రెండు కోణాలూ ఆ గీత మీద పై కోణానికి అటొకటీ ఇటొకటీ ఎలా వచ్చి కూర్చున్నాయో పిల్లల చేతే చెప్పించింది. ఒక్కొక్కరిని అడిగి చెప్పించడంతో చాలాసేపు పట్టింది. మూడు కోణాలూ కలిసి ఒక తిన్నని గీత అయ్యాయి. తిన్నని గీత మీద నూట ఎనభై.

అంజలి నిలబడింది. "సన్నగా పొడుగ్గా ఉన్నదానిక్కూడానా టీచర్?"

నజ్మా సుద్దముక్క చేతికిచ్చింది. "నువ్వే గీసుకో. నేను గీసిన గీత అక్కడ కుదురుద్దో లేదో చూడు."

అంజలి వీలైనంత వంకరగా, బోర్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక బక్క త్రిభుజం గీసింది. సమాంతర గీత గీసింది. కాసేపు చూసింది. అప్పుడు మా ఎవరివైపూ తిరక్కుండా, బోర్డుతోనే చెప్తున్నట్టు అంది. "కుదిరింది. ఇంక ఏది గీసినా కుదురుద్ది. గీయక్కర్లా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల సర్వీసులో ఒక పిల్లకి నిరూపణ అంటే ఏంటో అర్థమైన క్షణాన్ని కళ్లారా చూడటం అదే మొదటిసారి. సుబ్బారావుగారు రివ్యూ కాగితం మీద సరేనని రాసి, హెడ్మాస్టరుగారికి ఇచ్చి, ఇంకో మాట లేకుండా కారెక్కారు.

నజ్మా బీఈడీ పూర్తయింది. ఇప్పుడు దాచేపల్లి దగ్గర ఒక ఊరి బడిలో లెక్కలు చెప్తోంది. ఆ రోజు నాకు నేర్పింది చాలా చిన్న విషయం. క్లాసు చూడ్డానికి వెళ్తే పిల్లలకి ఏం వచ్చిందని అడగడం మానేశాను. ఎక్కణ్ణుంచి రాలేదని అడుగుతున్నాను. "అంతా వచ్చు మేడమ్" అని క్లాసు క్లాసంతా చెప్పే చోట టీచరు పని ఇంకా మొదలు కాలేదని రాసుకుంటాను. ఏ వెనక బెంచీ పిల్లో లేచి, పెద్దవాళ్ల ముందు బెరుకు లేకుండా, "ఇక్కణ్ణుంచి నాకు రాలేదండి" అంటే, ఆ బడికి ఒక టీచరు దొరికిందని ధైర్యంగా ఇంటికి వస్తాను.