రోజుకొక్క వాక్యం

భవతోష్ శిక్దార్ రోజుకు ఒక్క వాక్యమే రాస్తాడు. కలకత్తా శ్యాంబజార్‌లో ఈ సంగతి తెలియని కాకి కూడా లేదు.

పొద్దున్నే చేపల బజారు నుంచి రాగానే కూర్చుని పేజీలకు పేజీలు నింపుతాడు. దీపాలు పెట్టే వేళకు అన్నీ కొట్టేసి ఒక్క వాక్యం మిగుల్చుకుంటాడు. పదిహేడేళ్లుగా ఇదే వరస. దుర్గాపూజకు ఊరంతా కొత్తబట్టల్లో ఊరేగుతుంటే ఈయన గళ్ల లుంగీలో మేడ మీద పచార్లు చేస్తుంటాడు.

"దాదా, నిన్నటి వాక్యం కుదిరిందా?" అంటాడు చేపలమ్మే గోష్ఠ.

"క్రియ దగ్గర ఆగిందయ్యా."

"అయితే అంత ఖరీదు ఇలిష్ చేప దండగ. చిన్నచేపలు పట్టుకెళ్లండి."

భార్య శేఫాలికి మాత్రం నవ్వు రాదు. నవల పూర్తవగానే పూరీ జగన్నాథుడి దర్శనానికి తీసుకెళ్తానన్నాడు. ఆవిడ అప్పుడే పరుపుచుట్ట కట్టి గుమ్మం పక్కన పెట్టింది, అది ఇప్పటికీ అక్కడే ఉంది. కోపమొచ్చినప్పుడల్లా ట్రంకుపెట్టె తెరుస్తుంది. ఆరువేల పైచిలుకు వాక్యాలు. జ్వరంతో మూలిగిన రోజు వాక్యం ఉంది, మామగారు పోయిన రోజు వాక్యమూ ఉంది. కోపం కాస్తా ఎటో పోయి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

సాయంత్రం కాగానే కింది వాటా నీరజ పిన్ని మెట్లెక్కి వస్తుంది. ఆ రోజు వాక్యం మొదట ఆవిడ వినాలి.

"మన నవల్లో పడవవాడు నితాయ్ ఒడ్డు చేరాడా నాయనా?"

"ఇంకా నదిలోనే ఉన్నాడు పిన్నీ."

"బతికున్నాడుగా, చాలు" అని దిగిపోతుంది. పద్మానదిలో పడవ వేసుకెళ్లిన ఆవిడ తమ్ముడు ముప్పై ఏళ్లయినా తిరిగి రాలేదు.

మొన్న చెదలకు వేపాకు వేద్దామని శేఫాలి పెట్టె మొత్తం ఖాళీ చేసింది. అడుగున గుడ్డలో చుట్టిన ఆఖరి అధ్యాయం కనబడింది. నితాయ్ తుఫానులో మునిగిపోయాడు. కింద సమాప్తం, దాని పక్కన రెండేళ్ల కిందటి తేదీ.

"అయితే నా పూరీ ఏదండీ?"

భవతోష్ తల దించుకున్నాడు. "నవల అయిందంటే నితాయ్ ఏమయ్యాడని పిన్ని అడుగుతుంది. ఆవిడ ముందు అది చదవడం నా వల్ల కాదు. అందుకే ఆవిడ కోసం రోజుకో వాక్యం వేరే రాస్తున్నా. అవి అచ్చుకు పోవు."

"అచ్చుకు పోని వాక్యానికా రోజంతా ఈ కొట్టివేతలు?"

"మరి పిన్నికి చెడ్డ వాక్యం చదవమంటావా?"

శేఫాలి వెళ్లి పరుపుచుట్ట విప్పి, పరుపు ఎండలో వేసి వచ్చింది.

"రేపటి వాక్యంలో ఆ నితాయ్‌కి ఇంత చేపలపులుసు, అన్నం పెట్టించండి. రెండేళ్లుగా పస్తులతో తెడ్డు వేస్తున్నాడు."

భవతోష్ కలం తీసి చాలాసేపు ఆలోచించాడు.

"ఏ చేప?"