‘ఎవులు చెప్పేరు?’ అని అడిగే కనకం పిన్ని

ఫోన్లో గ్రూపు మెసేజి టింగుమంటే ఇప్పటికీ నా పళ్ళు బిగుసుకుంటాయి. "రిటైరైనవాళ్ళ ఆరోగ్య బీమా మారిపోయింది, వెంటనే అందరికీ పంపండి" అంటూ ఈ ఉదయం మళ్ళీ ఒకటి వచ్చింది. చూడగానే కనకం పిన్ని గుర్తొచ్చారు.

హిందీ మాట్లాడే ఊళ్ళో మా ప్లాంటు కాలనీ, సెక్టర్ 4లో మా పక్క క్వార్టర్ ఆవిడది. విజయనగరం నుంచి వచ్చి, ప్లాంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. ఏ మాట విన్నా తన ఊరి యాసలో "ఎవులు చెప్పేరు?" అంటూ, ఎవరు చెప్పారో పేరు అడిగేవారు. చిన్నప్పుడు ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళుమంట.

నాన్న గుండె కవాటం మార్చాలని డాక్టరు చెప్పిన రోజుల్లోనే బీమా సంస్కరణల గోల మొదలైంది. ప్రభుత్వం ఇచ్చే కొత్త కార్డు తీసుకుంటే పాత పాలసీ రద్దవుతుందని ఒక మెసేజి. పాతది ఎలాగూ ఎత్తేస్తారు, ఇక ప్రీమియం కట్టొద్దని ఇంకొకటి. టీవీలో పెద్దమనుషులు అరుచుకున్నారే గాని మాకు కావలసిన ముక్క చెప్పలేదు. హెల్ప్‌లైన్‌కి చేస్తే సంగీతం. చివరికి నాన్న పాలసీ వదిలేద్దామన్నారు.

"ఎవులు చెప్పేరు బావగారూ?" అన్నారు పిన్ని.

"అందరూ అంటున్నారమ్మా."

"అందరూ అంటే ఏటి? ఒక్క పేరు చెప్పండి."

మర్నాడు పిన్ని నన్ను వెంటబెట్టుకుని బీమా ఆఫీసుకి వెళ్ళారు. మొదటి కౌంటరు ఆయన తలెత్తకుండానే "సబ్ బంద్ హో గయా, దీదీ" అన్నాడు, అంతా ఆగిపోయిందని.

"కహాఁ లిఖా హై, భయ్యా?" ఎక్కడ రాసుందని అడిగారు పిన్ని.

ఆయన తన ఫోను చూపించాడు. మా గ్రూపులో తిరుగుతున్న మెసేజే. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పిన్ని మాత్రం పక్క కౌంటరుకి నడిచారు. అక్కడి అమ్మాయి ఫైలు తిరగేసి, "ముఝే పక్కా నహీఁ పతా. పూఛ్‌కే బతాతీ హూఁ" అని, కనుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.

"హమ్మయ్య, తెలీదని ఒప్పుకున్న మనిషి ఇన్నాళ్ళకి ఒకర్తి దొరికింది" అంటూ పిన్ని అక్కడే బెంచీ మీద కూర్చున్నారు.

సాయంత్రానికి ఆ అమ్మాయి అసలు ఉత్తర్వే తెచ్చి ఇచ్చింది. కొత్త కార్డు వల్ల పాత పాలసీ పోదు. ప్రీమియం గడువు దాటనిస్తే మాత్రం మళ్ళీ చేర్చుకోరు. పిన్ని దాన్ని నాన్న ముందు నాచేత ఆఖరి వాక్యం దాకా చదివించారు. పాలసీ నిలిచింది, ఆపరేషన్ జరిగింది. నాన్న ఇప్పుడు పొద్దున్నే మార్కెట్ దాకా నడిచి వస్తున్నారు.

పిన్ని పోయారు. ఇలాంటి మెసేజి వచ్చినప్పుడల్లా కాలనీవాళ్ళు ఇప్పుడు నిజమేనా అని నన్ను అడుగుతుంటారు. ఆవిడకున్న ఓపిక నాకు రాలేదు. లోపల తిట్టుకుంటూనే చెప్పులేసుకుని, వాళ్ళని వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకే వెళ్ళి క్యూలో నిలబడతాను.