గిర్నిలో జొన్న రవ్వ

ఆండాళ్‌కు యాభై ఎనిమిదేళ్లు. భర్త అనంతయ్యకు రాయచూరు బజారులో బట్టల దుకాణం. ముప్పై ఐదేళ్లుగా ఆ ఇంట్లో పొద్దున్నే ఇడ్లీ పాత్ర మూత తీసేది ఆమే. సుగర్ బయటపడ్డ ఐదో ఏట, ఈ మార్చిలో, డాక్టరు ఇడ్లీ మానేయమన్నాడు. మర్నాటి నుంచి కోడలు అర్పిత ఆమెకు ఓట్స్ గిన్నె అందించడం మొదలుపెట్టింది. అందరికీ ఇడ్లీలు వడ్డించి, ఆండాళ్ ఆ గిన్నె పట్టుకుని వంటగదిలో నిలబడి తినేది. పక్కన కూర్చుంటే చేయి ఊరుకోదని భయం.

ఆమెకు కావలసింది ఆరోగ్యం మీద ఉపన్యాసం కాదు. తన పాత్రలో ఉడికింది తానూ అందరితో కూర్చుని తినాలి. అంతే.

జొన్నల ఆలోచన అలా వచ్చింది. ఈ రోజుల్లో జొన్నల పేరెత్తితే చాలు, పూర్వీకుల జ్ఞానమంటూ దండం పెట్టేవాళ్లు తయారు. ఇక్కడి పూర్వీకులు జొన్నలు తిన్నది జ్ఞానంతో కాదు, కాలువ రాకముందు వరి అందక. ఆండాళ్‌కు ఈ గొడవ పట్టలేదు. ఇంట్లో డబ్బా నిండా జొన్నపిండి ఉంది. మినప్పప్పు రుబ్బి అందులో కలిపింది, పులియబెట్టింది, ఆవిరి మీద ఉడికించింది.

మూత తీస్తే ఒక్కటీ పొంగలేదు. రొట్టెకు కలిపిన ముద్దను ఉడకబెట్టినట్టున్నాయి.

అనంతయ్య ఒకటి తుంచబోయాడు. తునగలేదు. "ఆండాళూ, దీన్ని గోడకు కొడితే మేకు లెక్క నిలుస్తది."

"మీ దుకాణం క్యాలెండరు దానికే తగిలిద్దాం తియ్యండ్రి."

తప్పెక్కడుందో మూడోసారి పాడయ్యాక కానీ తట్టలేదు. రాయచూరులో జొన్నలంటే రొట్టె, రొట్టంటే మెత్తటి పిండి. పిండి పట్టే గిర్నికి జొన్నలు పంపితే ఎలా పట్టాలో ఎవరూ చెప్పరు, గిర్నివాడూ అడగడు. బియ్యం ఇడ్లీకి ఇన్నేళ్లూ రవ్వే నానబెట్టిన మనిషికి, జొన్నలకూ రవ్వే కావాలని తోచలేదు.

మరునాడు సంచి పట్టుకుని తానే వెళ్లింది.

"దస్తగిరీ, మెత్తగ వద్దు. రవ్వ పట్టు."

గిర్ని నడిపే దస్తగిరి మోటారు ఆపి చూశాడు. "జొన్నల రవ్వనా? దాణాకా? ఇంట్ల బర్రె ఈనిందా ఏందక్కా?"

"ఈనలే. తినేది నేనే."

"తోబా! జర మాఫ్ చెయ్యక్కా." నవ్వాపుకుంటూ రాళ్లు సడలించి, ఒక పిడికెడు ఆమె అరచేతిలో పోశాడు. "గిట్ల సరిపోతదా?"

ఆమె వేళ్లతో నలిపి చూసింది. "ఇంకా జర దొడ్డుగ."

రెండున్నర గ్లాసుల రవ్వకు ఒక గ్లాసు మినప్పప్పు. ఈసారి పొంగాయి. బూడిద రంగులో, కాస్త గరుకుగా, కానీ అచ్చంగా ఇడ్లీలు. ఆండాళ్ కూర్చుని ఐదు తిన్నది. రెండు గంటలాగి అర్పిత మీటరుతో వేలికి పొడిచింది. రెండు వందల ముప్పై రెండు.

"అత్తమ్మా, ఓట్సే నయం."

"ఓట్స్ ఐదు గిన్నెలు తిని చూపియ్యనా? జొన్నలేం మందు కాదే. ఐదు తిన్న, అదీ తప్పు."

తర్వాతి రోజుల్లో మూడు తిన్నది, రెండు తిన్నది, పక్కన పుంటికూర పప్పు పెంచుతూ పోయింది. వచ్చిన అంకెలన్నీ దుకాణం క్యాలెండరు మీద రాసింది. రెండు ఇడ్లీలకు గిన్నెడు పప్పు తిన్న రోజు నూట యాభై ఆరు. నెల తర్వాత డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివి, "ఇలాగే తినండి. మూడోది వద్దు" అన్నాడు.

ఇప్పుడు ఇంట్లో అందరికీ జొన్న ఇడ్లీలే. అనంతయ్య సణుగుడు మాత్రం ఆగలేదు.

"నాకు సుగర్ లేదు గద. నాకు తెల్లయి చెయ్యరాదా?"

"ఎందుకు చెయ్యరాదు? నానబెట్టుండ్రి, రుబ్బుండ్రి, రేపు పొద్దున లేసి పెట్టుకోండ్రి."

ఆయన పళ్లెం ముందుకు జరిపాడు. ఆండాళ్ ఆయనకు నాలుగు వేసి, తనకు రెండు పెట్టుకుని పక్కన కూర్చుంది. ఓట్స్ గిన్నె ఆమె ముందే ఉంది, నిండా పప్పుతో.