తండా మీదుగా ఏడున్నర బస్సు

ముప్పై ఏళ్ళు సర్కారు బళ్ళలో తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాక నాకు తీరిక దొరికింది. దాన్ని మా ఆయన భరించలేకపోయాడు. ఊళ్ళ తగాదాలు కోర్టుదాకా పోకుండా మాట్లాడి సర్దే మధ్యవర్తులకు సూర్యాపేటలో మూడు రోజుల శిక్షణ ఇస్తున్నారని తెలిసి, నా పేరు తనే రాయించి వచ్చాడు.

"ఇంట్ల ఎవరి మాటా ఇనవు గద. ఆడ ఇనుడు నేర్పిస్తరట, పోయిరా," అన్నాడు.

నేర్పించారు. ఆ మూడు రోజుల్లో నాకు రెండు సూత్రాలు బాగా తలకెక్కాయి. ఒకటి, ఎవరి గోడు వాళ్ళను సొంత భాషలో చెప్పుకోనివ్వాలి. రెండు, ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డు రాకూడదు. చివరి రోజు నీలం తాడుతో మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. వారం రోజులు కూరగాయలకు కూడా ఆ కార్డు వేసుకునే పోయాను.

నాకు అప్పగించిన మొదటి తగాదా బస్సు గురించి. త్రిపురారం దాటాక ఒక ఊరు, దానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక తండా. పొద్దున ఏడున్నరకు ఊళ్ళో బయలుదేరే బస్సు మిర్యాలగూడకు పోతుంది. తండాలో కూలి చేసుకునే ఒకామె కూతురు మిర్యాలగూడలో ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. తల్లి తెల్లారకముందే నాట్లకు పోతే ఇంటి పనీ, చెల్లెళ్ళను బడికి తయారుచేసే పనీ ఆ పిల్లదే. అవి ముగించుకుని ఆటో ఎక్కితే, అది నిండేదాకా కదలదు. ఊరు చేరేసరికి బస్సు పోయి ఉంటుంది. హాజరు ఇంకా తగ్గితే హాల్ టికెట్ ఇవ్వమని కాలేజీలో చెప్పేశారు.

బస్సు ముందు తండాకు వచ్చి, అక్కణ్ణుంచి ఊళ్ళోకి పోవాలని తల్లి అర్జీ పెట్టింది. రెండు చోట్ల జనమూ ఒప్పుకుంటే తిప్పుతామన్నారు డిపో వాళ్ళు. ఊరు ఒప్పుకోలేదు.

తండా అనగానే నాకు మొదటి సూత్రం గుర్తొచ్చింది. వాళ్ళు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, నాకా ఒక్క ముక్క రాదు. మెయిన్ రోడ్డు మీద నన్ను ఎక్కించుకున్న ఆటో ఆయన తండా మనిషే. రెండు భాషలూ గడగడా మాట్లాడుతున్నాడు. ఆమె మాటలు తెలుగులో తిప్పి చెప్పే పనికి దారిలోనే ఆయన్ను ఖాయం చేశాను. తండాకు ఉన్న ఒక్క ఆటో ఆయనదే. అందులోనే కూర్చుని ఉన్నాను, అయినా బస్సు వస్తే ఆయన గిరాకీ పోతుందని నా బుర్రకు తట్టలేదు.

ఊరి బడి వరండాలో కూర్చున్నాం. ఊరి తరఫున ఒక పెద్దమనిషి, తండా తరఫున ఆ తల్లి. ఆమె చేతులు కట్టుకుని నిలబడితే నేనే బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టాను.

"నమస్తే మేడమ్. నా బిడ్డ కాలేజీకి..." అని మొదలుపెట్టింది.

"భయపడకమ్మా. నీ భాషలోనే చెప్పు. ఇక్కడ అన్ని భాషలూ సమానమే," అన్నాను.

"ఏంగాదు మేడమ్, నేను..."

"నీ భాషలోనే," అన్నాను ఇంకాస్త గట్టిగా. సమానత్వం దగ్గర నేను తగ్గే మనిషిని కాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, లంబాడీలో చెప్పసాగింది. చాలాసేపు చెప్పింది. చెయ్యి చాపి కాలువ వైపు చూపించింది, పొలాల వైపు చూపించింది. నేను అర్థమైనట్టు తల ఊపుతూనే ఉన్నాను. ఆమె ఆపాక ఆటో ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆటో జర టైముకు నడిస్తే సాలంటుంది మేడమ్. బస్సు లేకున్నా ఏంగాదట."

ఆమె చటుక్కున అతని వైపు తిరిగి ఏదో అనబోయింది. నేను చెయ్యెత్తి ఆపాను. రెండో సూత్రం. మళ్ళీ నోరు తెరిచింది. నవ్వుతూ మళ్ళీ చెయ్యెత్తాను. నా పద్ధతి పెద్దమనిషికి నచ్చినట్టుంది, తృప్తిగా కాలు మీద కాలు వేసుకున్నాడు.

"మాకు తండా మీద కోపమేం లేదు టీచరమ్మా," అన్నాడు తన వంతు వచ్చాక. "బస్సు ముందుగాల ఆడికి పోతే సీట్లన్నీ ఆడనే నిండుతయి. మా పిల్లలు మిర్యాలగూడ దాంక నిలబడి పోవాల్నా? గదొక్కటే మా బాధ."

ఇక తగాదా ఏముంది? గంటలో తేల్చేశానని లోలోపల పొంగిపోతూ ఒప్పందం రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. "అచ్చు గుద్దినట్టుంది," అని మెచ్చుకుని పెద్దమనిషి సంతకం పెట్టాడు. వేలిముద్ర కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న ఇంకు ప్యాడు మూత తీసి ఆమె ముందుకు జరిపాను.

ఆమె ప్యాడు పక్కకు పెట్టి కాయితం తీసుకుంది. పైకి చదివింది. "తండావాసులకు బస్సు అవసరం లేదని, ఆటో సమయానికి నడిచిన చాలునని..." ఒక్క ఒత్తు కూడా తప్పలేదు. నా క్లాసులో అట్లా చదివిన పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"ఇది నేను చెప్పలే మేడమ్."

"నీకు తెలుగు వచ్చా?"

"ఏడో తరగతి దాంక ఈ బళ్ళెనే సదివిన. తెలుగు రాదని నేనెప్పుడన్న? మీరే మాట్లాడనియ్యలే గద."

"నేను సారాంశం చెప్పిన మేడమ్," అని ఆటో ఆయన మెల్లగా వరండా దిగాడు. తెలుగు చెప్పి పెన్షన్ తీసుకుంటున్న మనిషిని, తెలుగు మాట్లాడుతున్న మనిషి నోరు రెండుసార్లు మూయించాను. "ఇప్పుడు చెప్పమ్మా," అన్నాను.

ఆమె నాకు చెప్పలేదు. పెద్దమనిషి వైపు తిరిగింది.

"పటేలా, నీ పొలంల నాటేసేది నేనే. పొద్దుగాల నేను బురదల దిగాలె, నా బిడ్డ ఇంటి పనంతా చేసుకొని ఉరకాలె. దానికి హాల్ టికెట్ రాకపోతే రేపు అది గూడ నా ఎనకనే బురదల దిగుతది. సీట్లు మీ పిల్లలకే ఉండనీ. మా పిల్లలు నిలబడి పోతరు. బస్సు మాత్రం రానియ్యుండ్రి."

పెద్దమనిషి గడ్డం గోక్కున్నాడు. నా వైపు తిరిగాడు.

"అయితే గదే రాయుండ్రి టీచరమ్మా."

"అట్లా ఎట్లా రాస్తామండీ?"

"ఆమెనే అన్నది గద. మీరు మధ్యల మనిషి. ఇందుల మీ ఇష్టమేముంటది?"

శిక్షణలో సరిగ్గా ఇదే చెప్పారు. మధ్యవర్తి తన అభిప్రాయం రుద్దకూడదు. నేను ఆమె వైపు చూశాను.

"రాయుండ్రి మేడమ్," అంది. "పరీక్షలయితే రాయాలె గద నా బిడ్డ. ముందు బస్సు రానీ, తర్వాత సూస్కుంటం."

రాశాను. 'తండా విద్యార్థులు నిలబడి ప్రయాణించుటకు సమ్మతించినారు.' ఆమె కింద పొందికగా సంతకం చేసింది. ప్యాడు మూతపెట్టి సంచిలో వేసుకున్నాను.

తర్వాత కోదాడలో మధ్యవర్తుల సభ పెట్టి నాకు శాలువా కప్పారు. మాతృభాషలో మాట్లాడే ఏర్పాటు చేసి వెనకబడిన వాళ్ళను కలుపుకుపోయానట. అసలు జరిగిందేమిటో చెబుదామని మైకు దగ్గరికి పోతే, సభ నడిపించే ఆయన నవ్వుతూ చెయ్యెత్తాడు.

"అవన్నీ ఇప్పుడెందుకులెండి మేడమ్ గారూ. రెండు పక్షాలూ సంతకాలు చేశాయి కదండీ. ఆ బస్సుతో మీ ఫోటో ఒకటి పంపించండి, రిపోర్టులో వేద్దాం."

ఫోటో కోసం తెల్లారగట్లే బయలుదేరి తండాకు పోయాను. బస్సు టైముకే వచ్చింది. అక్కడే మొదలు కాబట్టి లోపల ఒక్క మనిషి లేడు. ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని ముందు సీట్లో కూర్చున్నాను. తండా పిల్లలు ఏడెనిమిది మంది ఎక్కారు. అందరూ రాడ్లు పట్టుకుని వరసగా నిలబడ్డారు. బస్సు కదిలింది. అన్ని సీట్లూ ఖాళీ.

నా పక్కన నిలబడ్డ పిల్లను తల్లి పోలికను బట్టి గుర్తుపట్టాను. హాజరు సరిపోయిందట, హాల్ టికెట్ ఇస్తామన్నారట. నాకు నిజంగా సంతోషమేసింది.

"అంతా ఖాళీగానే ఉంది గదమ్మా. ఊరు వచ్చేదాకా అన్నా కూర్చో."

"ఊరొస్తే మళ్ళ లేవాలె మేడమ్. వాళ్ళు సూస్తుంటే లేసుడు మంచిగనిపిస్తలేదు. గందుకే ముందుగాలనే నిలబడుతున్నం."

నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి ఆ పిల్ల పక్కన రాడ్ పట్టుకున్నాను. మలుపులో బస్సు ఊగితే మోకాలు కలుక్కుమంది. ఆ పిల్ల గబుక్కున నా మోచెయ్యి పట్టుకుంది.

"మీరు కూసోండ్రి మేడమ్. కాయితంల మీరు లేరు గద."

ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది. ఊరి బస్సు స్టేజీ కనబడుతోంది, అక్కడి పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. నేను కూర్చున్నాను.