సుబ్బక్క మిషన్లో బాడుగవాళ్ళు

కూలరు గడ్డి మీద ఎండాకాలం మొదటిసారి నీళ్ళు పడినప్పుడు ఒక వాసన వస్తుంది. పోయిన ఏడాది దుమ్ము తడిసిన వాసన. మొన్న కడపలో మా ఆయన మేనమామ బట్టల దుకాణంలో కూర్చున్నప్పుడు ఆ వాసన తగిలింది. ఆయన వెబ్‌సైటు నా ఆఫీసు సర్వరు మీదే, ఇంకొందరి సైట్లతో కలిసి నడుస్తుంది. పెళ్ళిళ్ళ కాలం కాబట్టి ఆదివారం చీరలకు తగ్గింపు ధరలు పెడుతున్నాడు. "ఆ ఒక్క దినానికి నా సైటుకుండే లిమిట్ తీసేయమ్మా. మనం మనం ఇంటోళ్ళమే కదా" అన్నాడు. ఆ వాసనకు ఈ మాట తోడైంది. నా మనసు కర్నూలుకు, అట్లాంటి కూలరే ఉండే సుబ్బక్క ఆఫీసుకు పోయింది.

కోడుమూరు నుంచి వచ్చి నేను మొదట ఉద్యోగం చేసింది ఆమె దగ్గరే. సుబ్బక్కది కోయిలకుంట్లలో తరతరాల వ్యాపారుల కుటుంబం. ఎంసీఏ చదివి, కర్నూలులో అన్న కిరాణా దుకాణం పై అంతస్తులో చిన్న ఆఫీసు పెట్టింది. మా వ్యాపారమల్లా ఒకటే: ముంబైలో ఒక సర్వరును అద్దెకు తీసుకుని, దాని మీద ఊళ్ళోవాళ్ళ సైట్లు నడపడం. ఒక కాలేజీ, ఒక కల్యాణమండపం, విత్తనాల దుకాణం, నీళ్ళ ట్యాంకర్ల దస్తగిరి, కింద అన్న కిరాణా, ఇట్లా అందరూ ఒకే మిషన్లో. ఎవరు ఏ పేరు కొడితే వాళ్ళను ఆ సైటుకు పంపే ప్రోగ్రాము ఒకటి ముందుంటుంది. దాన్ని ఆమె గేటు అనేది. సైట్ల సొంతదారులను బాడుగోళ్ళు అనేది. నేను చేరిన రోజున ఇవన్నీ పుస్తకంలో చదివిన మాటల్లో చెప్పబోతే చేతితో ఆపేసింది.

"మా నాయన ఇంట్లో పోర్షన్లు శానా, బోరు మాత్రం ఒకటే. ఎవురి తొట్టి వాళ్ళకు, ఎవురి వాల్వు వాళ్ళకు. ఒకింట్లో కొళాయి ఇడిసిపెట్టినా పక్కింటి తొట్టి ఎండేది కాదు. మిషన్ గూడా అంతేమ్మే. ఎవురి జాగా వాళ్ళది, ఎవురి మెమరీ వాళ్ళది. ఆ గీతే లిమిట్. దాన్ని దాటనియ్యకపోవడమే మన పని."

పని అప్పగిస్తుందనుకుంటే సర్వరు పాస్‌వర్డ్ కూడా చెప్పలేదు. ముందు బాడుగవాళ్ళ దగ్గర ఒక్కొక్కరోజు కూర్చుని రమ్మంది. నాకు ఒళ్ళు మండింది. ఇంజనీరింగ్ చదివింది విత్తనాల మూటల మధ్య కూర్చోవడానికా అని లోపల గొణుక్కుంటూనే పోయాను. దస్తగిరి ట్యాంకర్ల షెడ్డుకు పోయిన రోజు మాత్రం ఆ గొణుగుడు ఆగిపోయింది. ఓర్వకల్లు దారిలో ఉన్న కాలనీలకు ఎండాకాలంలో ఆయన ట్యాంకర్లే దిక్కు. ఫోనుల మీద బుకింగులు తీసుకున్నన్నాళ్ళూ ముందు మేమంటే మేమని రోజూ కొట్లాటే. సైటు వచ్చాక ఏ వీధి వంతు ఎప్పుడో అందరికీ ఫోన్లోనే కనిపిస్తుంది. "ఇప్పుడు నన్నెవురూ తిట్టరమ్మా. తిడితే కంప్యూటర్‌ను తిట్టుకుంటారు, దానికి చెవుల్లేవు కదా" అని దస్తగిరి నవ్వాడు. మేము సైటు అంటున్నది ఆ వీధులకు వంతు అని నాకు ఆ రోజు అర్థమైంది.

సుబ్బక్కకు ఇంకో అలవాటుండేది. పొద్దున ఆఫీసుకు రాగానే బాడుగవాళ్ళ సైట్లన్నీ తన ఫోన్లో తెరిచి చూసేది. చిన్న సైటు మొదట, కాలేజీది చివర. పెద్దవాళ్ళ సైటు ఆగితే వాళ్ళే అరుస్తారు, చిన్నవాళ్ళు తమ తప్పేమోనని ఊరుకుంటారు అనేది. ఈ లోపల పదకొండుకల్లా కింద అన్న దుకాణం నుంచి టీ వచ్చేది. అల్లం దంచి వేసిన ఆ టీ కోసమే నేను పొద్దున్నించీ పని చేసేదాన్ని.

అంత కచ్చితమైన మనిషీ ఒకసారి తడబడింది. కాలేజీ కరస్పాండెంటు సుబ్బక్క అన్నకు వియ్యంకుడు. పరీక్ష ఫలితాలు వచ్చే రోజున సైటు నిదానిస్తే పరువు పోతుందని, ఆ ఒక్కరోజుకు తమ లిమిట్ తీసేయమని అడిగాడు. ఆమె తప్పించుకోవాలని చూసింది. అన్న పైకి వచ్చి, "వియ్యంకుని మాట కాదంటే నా బిడ్డ అత్తగారింట్లో తల ఎట్ల ఎత్తుకుంటాది?" అన్నాడు. మొహమాటం మీద మనవాళ్ళకొక సామెత ఉంది, పూర్తిగా రాయడం బాగుండదు. సుబ్బక్క లిమిట్ తీసేసింది.

ఫలితాలు పొద్దున వచ్చాయి. ఊరంతా ఒక్కసారిగా కాలేజీ సైటు మీద పడింది. మిషన్లో ఉన్న మెమరీనంతా అదే తాగేసింది. మిగిలిన సైట్లన్నీ ఒకటొకటిగా నిలిచిపోయాయి. మొదట ఫోను చేసింది దస్తగిరి.

"సుబ్బక్కా, ఫోన్లో ఏమీ రాకుండా ఉండాది. బిందెలు ఎత్తుకొని షెడ్డు కాడికే వచ్చినారు. రెండు వీధులోళ్ళు మాదంటే మాదని కొట్లాడుకుంటాండారు. బండ్లు నింపి పెట్టినా, యాడికి పంపాల?"

ఆమె నా కుర్చీ దగ్గరకు వచ్చి నిలబడింది. "కాలేజీకి లిమిట్ మళ్ళా పెట్టు" అంది. పెట్టాను. కొంతసేపటికి దస్తగిరి సైటు తెరుచుకుంది, వంతులు కనిపించాయి. కాలేజీ సైటులో మాత్రం కాసేపాగి చూడండి అనే మాట రాసాగింది. వెంటనే కరస్పాండెంటు ఫోను. గొంతు నాక్కూడా వినిపిస్తోంది. పిల్లల భవిష్యత్తు అన్నాడు, పరువన్నాడు, చివరకు చుట్టరికమూ అన్నాడు. సుబ్బక్క అంతా విన్నది.

"మార్కులు మధ్యాన్నం చూసినా మారవు బావా. నీళ్ళు మధ్యాన్నానికి ఉండవు."

ఫోను పెట్టేసింది. నాకు భయమేసింది. కాలేజీ మా బాడుగవాళ్ళందరిలోకీ పెద్దది. ఆఫీసు ఉన్నది అన్న మేడ మీద. ఒక్క మాటతో రెండూ పోవచ్చు. ఆమె మాత్రం ఆటో పిలిచి, నన్ను వెంటబెట్టుకుని దస్తగిరి షెడ్డుకు పోయింది. అక్కడ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళందరి ముందూ, "తప్పు దస్తగిరిది కాదు, కంప్యూటర్‌దీ కాదు. మొహమాటానికి పోయి నేను చేసినా" అని చెప్పింది. ఒక ముసలామె ఆమెను తేరిపార చూసి, "అయితే మా వంతు ఎప్పుడో చెప్పు" అంది. సుబ్బక్క ఫోను తీసి చూసి చెప్పింది.

కాలేజీ వాళ్ళు నెల తిరగకముందే వేరే చోటికి పోయారు. అన్న మమ్మల్ని ఖాళీ చేయమనలేదు గానీ మాట్లాడటం మానేశాడు. టీ రావడం ఆగిపోయింది. నాలుగు రోజులు చూసి, సుబ్బక్క ఇంటి నుంచి ఆకుపచ్చ ఫ్లాస్కులో టీ తేవడం మొదలుపెట్టింది. అన్న సైటును మాత్రం అప్పుడూ రోజూ తెరిచి చూసేది.

దసరా ముందు కల్యాణమండపం సైటు మీద ముహూర్తాల కోసం జనం విరగబడ్డారు. ఈసారి ఎవరి గీతలో వాళ్ళున్నారు. మండపం సైటు నిదానించింది, కింద కిరాణా సైటుకు పండగ ఆర్డర్లు ఆగకుండా వచ్చాయి. మరునాడు పదకొండుకు మెట్ల మీద గ్లాసుల చప్పుడైంది. టీ తెచ్చింది అన్నే. బల్ల మీద పెట్టి దిగిపోయాడు. సుబ్బక్క తాగింది, కళ్ళు తుడుచుకుంది. అయినా ఫ్లాస్కు తేవడం మానలేదు. ఎందుకక్కా అంటే, "అన్న టీ అన్నదే. ఇంగోసారి కాదనాల్సి వస్తే నా టీ నాకుండాల గదమ్మే" అంది.

సుబ్బక్క పోయి రెండేళ్ళయింది. పెళ్ళయి నేను కడపకు వచ్చేసేటప్పుడు ఆ ఫ్లాస్కు నా సంచిలో పెట్టింది. ఇప్పుడు నాకూ ఒక ఆఫీసుంది, ఒక సర్వరుంది. దాని మీద చీరల దుకాణం ఉంది, రక్తపరీక్షల ల్యాబు ఉంది, అందరికంటే చిన్న సైటుతో కోళ్ళ దాణా అమ్మే ఇద్దరు అన్నదమ్ములున్నారు.

మొన్న కూలరు ముందు కూర్చుని మామకు అదే చెప్పాను. "మీ సైటు ఆదివారం కొంచెం నిదానిస్తాది మామా. చీరలు సోమారం గూడా ఉంటాయి. రక్తం ఇచ్చి రిపోర్టు కోసం ఎదురుచూసేటోళ్ళు ఆదివారమే చూడాల." ఆయన మొహం మాడిపోయింది. లోపల నుంచి అత్త టీ గ్లాసులతో వస్తూ ఉంటే, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. మా ఆయనతో ఈ సంగతి ఎట్లా చెప్పాలో ఆలోచించుకుంటూ ఎండలో ఆఫీసుకు నడిచి వచ్చాను. ఫ్లాస్కు మూత తిప్పి టీ పోసుకున్నాను. ఫోను తీసి, ముందుగా కోళ్ళ దాణా సైటు తెరిచాను.