ఎదురు చెప్పడం నేర్పిన వారం

మా అమ్మాయి లెక్కల్లో నెగ్గి ఇంగ్లీషులో ఆగిపోయిందంటే ముందు నేను నమ్మలేదు. ఈ అరబ్బు దేశంలోనే పుట్టి ఇక్కడే పెరిగిన పిల్ల. నిద్రలో కలవరించినా ఇంగ్లీషులోనే కలవరిస్తుంది. అలాంటిదానికి ఇంగ్లీషు రాదనడమేమిటి, నా తలకాయ!

"కంప్యూటరేదో తప్పు చేసుంటుందే" అన్నాను.

"కంప్యూటర్ కాదమ్మా, మనిషే" అంది నేలచూపులు చూస్తూ.

ఊరవతల సఖీర్ వైపు ఇది చేరాలనుకున్న కాలేజీలో ప్లస్ టూ అయిన పిల్లల్ని నేరుగా డిగ్రీలో కూర్చోబెట్టరు. కాలేజీ లెక్కలూ కాలేజీ ఇంగ్లీషూ వీళ్ళకి అందుతాయా లేదా అని ముందు ఒక పరీక్ష పెడతారు. అందితే మొదటి సంవత్సరం. అందకపోతే ఫౌండేషన్ అని ఒక ఏడాది అదనం. లెక్కల పరీక్షకి కాల్‌క్యులేటర్ ఇవ్వకపోయినా మా అమ్మాయి నవ్వుకుంటూ బయటికొచ్చింది. ఇంగ్లీషులో చదవడం, రాయడం కూడా బాగానే అయ్యాయి. చివర్లో ఒక మాస్టారితో ఎదురుగా కూర్చుని కాసేపు మాట్లాడాలి. అక్కడ బోల్తా పడింది.

ఏం జరిగిందో బతిమాలి, కసిరి, చివరికి అన్నం తినిపిస్తూ రాబట్టాను. గడ్డం నెరిసిన పెద్దాయనట. చాలా మర్యాదగా మాట్లాడాడట. పిల్లలు వారమంతా సెలవు లేకుండా బడికి రావాలని తన అభిప్రాయం, నువ్వేమంటావు అని అడిగాడట. ఇది "యెస్ సర్" అందట. ఫోన్ వాడే పిల్లలెవరికీ బుర్ర ఉండదన్నాడట. "యెస్ సర్." ఆఖరికి ఆయనకే విసుగొచ్చినట్టుంది, ఆడపిల్లలకి లెక్కలు రావు కదా అన్నాడట. ఒక గంట ముందు లెక్కల్లో నెగ్గి వచ్చిన నా కూతురు ఆయన ముందు చేతులు కట్టుకుని "యెస్ సర్" అందట.

"అదేంటే! అంత మాటంటే ఊరుకున్నావా?"

"పెద్దాయన కదమ్మా. ఎదురు చెబితే బాగుండదని..."

ఆయన కావాలనే అడ్డంగా మాట్లాడాడని, పిల్లలు తమ మాట తాము చెప్పి నిలబెట్టుకోగలరో లేదో చూడ్డానికే అలా అంటారని తరవాత కాలేజీ ఆఫీసులో చెప్పారు. తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తకూడదని దానికి మాటలు రాకముందే నేను కళ్ళతో నేర్పాను. ఇప్పుడు ఆ నేర్పిన బుద్ధికే సున్నా వేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండిపడాలో తెలియక గిన్నెలు దడదడలాడించాను.

మా ఆయన అమ్వాజ్‌లో ఏసీల మెయింటెనెన్స్ చూస్తారు. మనిషి రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఆ సాయంత్రం మాత్రం తీర్పు చెప్పేశారు. "ఏడాది దండగెందుకు? మా అక్క కాకినాడలోనే ఉంది కదా. అక్కడ చేర్పిద్దాం."

దీన్ని కళ్ళ ముందు పెట్టుకుని చదివించుకోవాలని నేను ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. తెలిసినవాళ్ళ పిల్లలందరూ ప్లస్ టూ అవగానే పెట్టె సర్దుకుని ఇండియా వెళ్ళిపోతుంటే, మా పిల్ల మాత్రం పొద్దున్నే డబ్బా పట్టుకుని వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరుతుందని అందరికీ చెప్పుకున్నాను. పై వారం ఇంకోసారి మాట్లాడ్డానికి అవకాశం ఇస్తామన్నారు కాలేజీవాళ్ళు. అందులో నెగ్గితే పిల్ల ఇక్కడుంటుంది, లేకపోతే వాళ్ళ అత్త దగ్గరికి పోతుంది. అంతే లెక్క.

"ఈ వారమంతా నేను ఏమన్నా కాదనాలి, తెలిసిందా?" అన్నాను మర్నాడు పొద్దున్నే.

"సరేనమ్మా" అంది.

"సరే అనకే, మొద్దూ!"

మొదలే అలా అఘోరించింది. చారు పోస్తూ, "ఇందులో ఉప్పు సరిపోయింది, కాదను" అన్నాను. రుచి చూసి, "నిజంగానే సరిపోయిందమ్మా" అంది. "సరిపోయినా కాదనవే తల్లీ!" అని నెత్తి కొట్టుకున్నాను. మా ఆయన మొహం పక్కకి తిప్పుకుని నవ్వారు. "మీరూ ఒక తప్పుమాట చెప్పండి, పిల్ల ఖండిస్తుంది" అన్నాను. "తప్పో ఒప్పో, ఈ ఇంట్లో మాటలన్నీ నీవేగా" అని చెప్పులేసుకుని డ్యూటీకి పోయారు.

"తెలుగులో అంటే నాకు కాదనాలనిపించట్లేదు. ఇంగ్లీషులో అను" అంది అమ్మాయి.

సరే అని నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు.

నేను జుఫైర్‌లో ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ని. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఇంగ్లీషులోనే నా బతుకు. యెస్ మేడమ్. సారీ సర్. రైట్ అవే మేడమ్. నా చేతులతో నేను పెట్టిన తువాళ్ళు కళ్ళెదురుగా కనిపిస్తున్నా, తువాళ్ళు లేవని ఒకాయన అరిస్తే సారీ సర్ అనే వచ్చాను. ఇంట్లో నేను నోరు తెరిస్తే పక్క ఫ్లాటువాళ్ళు టీవీ సౌండు తగ్గిస్తారు. ఆ నోరంతా తెలుగులోనే ఉంది. ఇంగ్లీషులో కోపం తెచ్చుకోవడం నాకు రాదు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఆ రోజే తెలిసింది. చాలా అవమానంగా అనిపించింది.

అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. నేను తెలుగులో అడ్డంగా మాట్లాడతాను, అది ఇంగ్లీషులో కాదంటుంది. మొదటి రెండు రోజులూ గొణిగింది. తరవాత ఒకసారి, పైచదువు చదివిన కోడలు అత్తగారి మాట వినదు అని నేను అనగానే, పాలకూర తరుగుతున్న పిల్ల కత్తి పక్కన పెట్టి, "ఐ డోంట్ అగ్రీ" అని మొదలుపెట్టి చెడామడా వాయించింది. నాకు సగమే అర్థమైంది. ఆ సగానికే కడుపు నిండిపోయింది. శుక్రవారానికల్లా ఎంత ముదిరిందంటే, ఆరేసిన బట్టలు తియ్యమన్నా "ఐ డోంట్ అగ్రీ" అనేది. "వీపు చీరేస్తాను" అని మీదకెళ్ళేదాన్ని, వంటింట్లోకొచ్చి నాలో నేను నవ్వుకునేదాన్ని.

రెండోసారి పిలిచిన రోజు డ్యూటీ మార్చుకుని దానితో పాటు వెళ్ళాను. మా ఆయన మమ్మల్ని దింపి, పనుందని మళ్ళీ వస్తానని వెళ్ళారు. పిల్లని లోపలికి పిలిచాక నాకు కుదురు లేదు. గోడలకున్న నోటీసులన్నీ చదివాను. నీళ్ళు తాగాను, మళ్ళీ తాగాను. సెక్యూరిటీ అతను, "బైఠో దీదీ, బచ్చీ ఆయేగీ" అని కూర్చోమన్నాడు. దూరంగా రేసు కార్ల ట్రాక్ వైపునుంచి రొద వచ్చి పోతోంది. ఆ రొద చెవుల్లో పడ్డ ప్రతిసారీ లేచి తలుపు దాకా వెళ్ళి వచ్చాను. ఏమడుగుతున్నాడో, ఇది మళ్ళీ చేతులు కట్టుకుందేమో!

తలుపు తీసుకుని వచ్చింది. దాని మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"నెగ్గానమ్మా. డైరెక్ట్‌గా ఫస్ట్ ఇయరే."

అక్కడే దాన్ని పట్టుకుని బుగ్గలు పుణికేశాను. బయటికొచ్చి, పార్కింగు దగ్గర నీడన నిలబడి మా ఆయనకి ఫోను చెయ్యబోతే నా చెయ్యి పట్టుకుంది. "ఆగమ్మా. నాన్నకి ఇప్పుడే చెప్పకు."

"ఎందుకే? ఇంతకీ ఏమడిగాడు?"

ఇక్కడ పెరిగిన పిల్లలు ఇక్కడే చదువుకోవాలి, వాళ్ళ దేశంలో వాళ్ళకేముంది, అన్నాడట. ఇది ఏం జవాబిచ్చిందో ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది. వారం రోజులుగా సగమే అర్థమైన నాకు ఈసారి ప్రతి మాటా అర్థమైంది. తనకి వెళ్ళాలనుంది అని చెప్పింది.

ఫోను బ్యాగులో పడేశాను.

"అదే తెలుగులో చెప్పు" అన్నాను.

దాని భుజాలు వెంటనే జారిపోయాయి. "ఏం లేదమ్మా. పరీక్ష కోసం అలా అన్నానులే. నువ్వు ఎలా అంటే అలాగే."

వారం కిందటి పిల్ల మళ్ళీ నా ముందు నిలబడి ఉంది. ఆ మాట పట్టుకుని ఊరుకుంటే నాకు కావలసింది నాకు దక్కేది. పిల్ల ఇక్కడే ఉండేది, రోజూ డబ్బా కట్టేదాన్ని. దాని కళ్ళు చూశాక ఊరుకోలేకపోయాను.

"ఐ డోంట్ అగ్రీ" అన్నాను. ఇంగ్లీషులో ఒక మనిషిని కాదనడం నా జీవితంలో అదే మొదలు.

అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది, ఫక్కున నవ్వింది, ఆ వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మరి పోయినసారి కావాలనే యెస్ సర్ అన్నావా?"

"లేదమ్మా, ఒట్టు. అప్పుడు నిజంగానే నోరు రాలేదు. నాన్న కాకినాడ అనగానే మాత్రం సంతోషం వేసింది. నీకెలా చెప్పాలో తెలియలేదు." ముక్కు తుడుచుకుంది. "సెలవులకి వెళ్తామా, అత్త నాకు కొత్త గ్లాసులో నీళ్ళిస్తుంది. ఇంట్లోవాళ్ళందరూ స్టీలు గ్లాసుల్లో తాగుతారు, నాకు మాత్రం గాజుది. వీధిలో ఎవరు కనబడినా ఎప్పుడొచ్చావు, మళ్ళీ ఎప్పుడెళ్తావు అంటారు. ఇక్కడేమో వీసా ఉన్నన్నాళ్ళే మనం, తరవాత ఖలాస్. ఎప్పుడెళ్తావని ఎవరూ అడగని చోట ఉండాలమ్మా నాకు. అడగడం మానేసేదాకా అక్కడ ఉండి చూస్తాను."

తిడదామని నోరు తెరిచాను. తెలుగులో నాకు తిట్లు వెతుక్కోవలసిన పని ఎప్పుడూ లేదు. ఆ రోజు ఒక్కటీ దొరకలేదు.

"మరైతే ఎప్పుడెళ్తావే?" అన్నాను.

అనేశాక తెలిసింది ఏమన్నానో. అది నా వైపు చూసింది. "చూశావా, నువ్వు కూడా అడిగేశావు" అంది మెల్లగా.

మా ఆయన కారు వచ్చి ఆగింది. అద్దం దించి "ఏమైంది?" అన్నారు. ఇద్దరం వెనక సీట్లోనే కూర్చున్నాం. నేను దాని చెయ్యి వదల్లేదు.

"నెగ్గింది" అన్నాను. "ఇంటికెళ్ళాక మీకొక మాట చెబుతుందట, తెలుగులోనే. అది చెప్పడం అయ్యేదాకా మీరూ నేనూ నోరెత్తకూడదు."